పండ్ల సోడాల బల్ల: ఎండాకాలం విందులో అతిథులే కలుపుకొని తాగేలా అమర్చే విధానం

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో గృహప్రవేశాలకూ, నిశ్చితార్థాలకూ, ఓణీల వేడుకలకూ చాలా ముహూర్తాలు చైత్ర వైశాఖ మాసాల్లో పడతాయి. అంటే ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో ఇంటి ముందు షామియానా వేసి బంధువులందరినీ పిలుస్తాం. వచ్చినవారికి ముందుగా కావలసింది చల్లని పానీయం. ఆ పనిని చాలామంది పెద్ద కూల్‌డ్రింకు సీసాలతో ముగిస్తారు, లేదా ఇద్దరు కుర్రాళ్ళ చేత పళ్ళేల్లో గ్లాసులు పెట్టి తిప్పిస్తారు. సీసా మూత తీసిన కాసేపటికే అందులోని గ్యాసు తగ్గిపోతుంది. పళ్ళెంలో తిరిగే గ్లాసు ఆఖరి వరుసకు చేరేసరికి గోరువెచ్చనవుతుంది. దీనికి బదులుగా ఒక బల్ల మీద పండ్ల సిరప్పులు, నిమ్మరసం, ఐసు, చల్లని సోడా వరుసగా ఉంచి, ఎవరికి నచ్చినట్టు వారు కలుపుకొనే ఏర్పాటు చేస్తే ఖర్చు పెద్దగా పెరగదు, పానీయం అప్పటికప్పుడు తయారవుతుంది, చక్కెర వద్దనేవారూ ఉప్పు వద్దనేవారూ ఎవరినీ అడగనవసరం లేకుండా తమకు సరిపడింది తాగుతారు.

చూడటానికి ఇది తేలికైన ఏర్పాటే కాని, దీని పని దాదాపు అంతా ముందురోజే జరిగిపోవాలి. అతిథి గ్లాసు పట్టుకొని బల్ల దగ్గరికి వచ్చాక మనం చేయగలిగింది చాలా తక్కువ. అందువల్ల మొదటిసారి వచ్చిన పదేళ్ళ పిల్లవాడు కలుపుకున్నా రుచి చెడని విధంగా కొలతలు, చల్లదనం, వరుస ముందే కుదిర్చిపెట్టడమే ఈ మార్గదర్శి ఉద్దేశం. ఇక్కడి లెక్కలన్నీ 50 మంది వచ్చే, రెండు మూడు గంటలు సాగే విందుకు వేసినవి. మీ అతిథుల సంఖ్యను బట్టి పెంచుకోండి, తగ్గించుకోండి.

మొదటి పని: ఒక గ్లాసు లెక్క

అన్నిటికన్నా ముందు ఒక్క గ్లాసు లెక్క తేల్చుకోవాలి, ఎందుకంటే కొనుగోలు అంతా దాని మీదే ఆధారపడుతుంది. 300 మిల్లీలీటర్ల గ్లాసులో మూడో వంతుకు పైగా ఐసు పోగా 30 మిల్లీలీటర్ల సిరప్పు, 15 మిల్లీలీటర్ల నిమ్మరసం, దాదాపు 150 మిల్లీలీటర్ల సోడా పడతాయి. చక్కెర, నీళ్ళు సమాన బరువుల్లో కలిపి చేసిన సిరప్పు 30 మిల్లీలీటర్లలో సుమారు 18 గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే తయారైన పానీయంలో తీపి పది శాతానికి కాస్త లోపుగా ఉంటుంది. అంగడిలో దొరికే కూల్‌డ్రింకుల తీపికి ఇది దగ్గరగానే ఉన్నా, నిమ్మ పులుపు తోడవడం వల్ల నాలుకకు అంత తీపిగా తోచదు.

ఎండాకాలం పగటి విందులో మనిషికి సగటున రెండున్నర గ్లాసులు అనుకోవడం మంచిది. 50 మందికి 125 గ్లాసులవుతాయి. దానికి 750 మిల్లీలీటర్ల సోడా సీసాలు 25 సరిగ్గా సరిపోతాయి. ఒలికిపోయేవి, సగంలో వదిలేసేవి కలుపుకొని 30 తెప్పించండి. అన్ని రకాల సిరప్పులూ కలిపి నాలుగున్నర లీటర్లు చాలు. నిమ్మకాయలు 150, గ్లాసుల్లో వేసే ఐసు 15 కిలోలు, సీసాలు చల్లబరచడానికి వేరుగా మరో 20 నుంచి 25 కిలోలు కావాలి. ఐసు విషయంలో పిసినారితనం పనికిరాదు. మిగతా సరుకుల్లో ఏది తగ్గినా సర్దుకోవచ్చు గాని ఐసు తగ్గితే బల్ల మూసెయ్యవలసిందే.

రెండవ పని: సోడాను ఎంచుకోవడం, చల్లబరచడం

సోడా మూడు విధాలుగా సమకూర్చుకోవచ్చు. అంగడిలో దొరికే 600 లేదా 750 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసాలు అన్నిటికన్నా నమ్మకమైనవి. వాటికన్నా పెద్ద సీసాలు చవకగా వచ్చినా తీసుకోకండి. మూత తీసిన సీసా త్వరగా ఖాళీ అయితేనే చివరి గ్లాసుకు కూడా బుడగలు మిగులుతాయి. ఇంట్లో సోడా తయారుచేసే యంత్రం ఉన్నవారు దాన్ని పదిమంది కుటుంబ విందుకు వాడుకోవచ్చు గాని, 50 మందికి దాని ముందు వరుస కడుతుంది. పైగా అందులో చల్లని మంచినీళ్ళకే గ్యాసు పట్టించాలి, పండ్లరసాలకు కాదు. రసం పోస్తే నురుగు పొంగి యంత్రం పాడవుతుంది.

మూడవది గోలీ సోడా. 1872లో బ్రిటిష్ ఇంజనీరు హైరమ్ కాడ్ పేటెంటు పొందిన ఈ సీసాలో, లోపలి గ్యాసు ఒత్తిడే గోలీని మెడ దగ్గరున్న రబ్బరు చుట్టకు అదిమి పట్టి మూతలా నిలుపుతుంది. మీ ఊళ్ళో గోలీ సోడా పట్టేవారు ఇంకా ఉంటే రెండు మూడు ట్రేలు తప్పకుండా తెప్పించండి. ఒక్కో సీసా దాదాపు ఒక గ్లాసుకు సరిపోతుంది కాబట్టి తెరిచిన సీసా మిగిలిపోయే సమస్యే ఉండదు, గోలీ కొట్టే చప్పుడుకు పిల్లలూ పెద్దలూ బల్ల చుట్టూ చేరతారు. అయితే గోలీని నొక్కే పని పిల్లలకు వదలకూడదు. పెద్దవారు ఒకరు దగ్గర నిలబడి తెరిచి ఇవ్వాలి, ఖాళీ సీసాలు లెక్కపెట్టి ట్రేలో తిరిగి పెట్టాలి. సోడా పట్టేవారు ఏ నీళ్ళు వాడుతున్నారో, సీసాలు ఎలా కడుగుతున్నారో బయానా ఇవ్వడానికి ముందే స్వయంగా వెళ్ళి చూడటం మన బాధ్యత.

ఇప్పుడు అసలు విషయం. సోడాలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ చల్లదనంలో నిలుస్తుంది, వేడిలో పారిపోతుంది. సున్నా డిగ్రీల దగ్గర నీటిలో ఎంత వాయువు కరుగుతుందో, అదే ఒత్తిడిలో 20 డిగ్రీల దగ్గర అందులో సగమే కరుగుతుంది. 35 డిగ్రీల దగ్గర సుమారు మూడో వంతు మాత్రమే. కాబట్టి ఎండలో ఉన్న సోడా మూత తీయగానే బుస్సుమని పొంగి, గ్లాసులోకి వచ్చేసరికి చప్పబడుతుంది. ఐసు వేస్తే చల్లబడుతుంది కదా అనుకోవడం సరికాదు. 35 డిగ్రీలున్న 150 మిల్లీలీటర్ల సోడాను 5 డిగ్రీలకు దించాలంటే దాదాపు 55 గ్రాముల ఐసు కరిగి అందులో కలవాలి, అంటే సోడాలో మూడో వంతుకు పైగా ఉత్త నీళ్ళు చేరినట్టే. సోడా ముందే చల్లగా ఉంటే ఐసు నెమ్మదిగా కరుగుతుంది, రుచి చివరి గుక్క వరకూ నిలుస్తుంది. గ్లాసులో ఐసు పని చల్లదనాన్ని నిలబెట్టడమే గాని, వేడి సోడాను చల్లబరచడం కాదు. ఈ ఒక్క సూత్రం పాటిస్తే సగం బల్ల గెలిచినట్టే.

సీసాలను ముందురోజు రాత్రే ఫ్రిజ్జులో పెట్టడం ఉత్తమం. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి మిగిలినవాటికి పెద్ద గంగాళం గాని, ప్లాస్టిక్ టబ్బు గాని తీసుకొని సగానికి ఐసు, ఐసు మునిగేలా నీళ్ళు, రెండు మూడు గుప్పిళ్ళ కల్లుప్పు వేయండి. ఐసు ముక్కల మధ్య గాలి ఉంటుంది, నీళ్ళు పోస్తే సీసా చుట్టూ అంతటా చల్లదనం తాకుతుంది; ఉప్పు ఆ నీటిని సున్నా కన్నా కిందికి దించుతుంది. మెడ దాకా మునిగిన సీసాలు అరగంటలో చక్కగా చల్లబడతాయి. తొందరపడి సోడా సీసాలను డీప్ ఫ్రీజరులో పెట్టవద్దు. గడ్డకట్టేటప్పుడు నీరు వ్యాకోచించి సీసా పగులుతుంది, గాజు సీసా అయితే ప్రమాదం కూడా.

మూడవ పని: సిరప్పులు

నాలుగు రకాలు చాలు. ఏడెనిమిది పెడితే అతిథి బల్ల ముందు ఆలోచిస్తూ నిలబడిపోతాడు, వెనక వరుస పెరుగుతుంది, చివరికి సగం సీసాలు మిగులుతాయి. ఒకటి పుల్లనిది, ఒకటి ముదురు రంగు పండుది, ఒకటి సుగంధంతో ఉండేది, ఒకటి ఘాటైనది అని ఎంచుకుంటే అన్ని వయసులవారికీ సరిపోతుంది.

పుల్లనిదానికి పచ్చి మామిడిని మించింది లేదు. మామిడికాయలు రెండు కిలోలు కడిగి కుక్కరులో ఉడికించి, తొక్క తీసి గుజ్జు పిండండి. గుజ్జు బరువుకు ఒకటిన్నర రెట్లు చక్కెర, గుజ్జుతో సమానంగా నీళ్ళు చేర్చి చక్కెర కరిగేవరకే వేడిచేసి, చల్లారాక పల్చని గుడ్డలో వడకట్టండి. వడకట్టడం ఇక్కడ తప్పనిసరి. పీచు, గుజ్జు రేణువులు మిగిలితే సోడా తగిలిన వెంటనే వాటి చుట్టూ బుడగలు పుట్టి గ్లాసు పొంగిపోతుంది. వేయించిన జీలకర్ర పొడి, నల్ల ఉప్పు సిరప్పులో కలపకుండా విడిగా బల్ల మీద పెడితే ఇష్టమున్నవారు చల్లుకుంటారు. పండు మామిడి కావాలనుకుంటే ఉలవపాడు పండ్లు రుచికి సాటిలేనివే కాని, చిక్కని రసం సోడాతో సరిగా కలవదు. పండు రసాన్ని రెండింతల చక్కెర నీళ్ళతో పలుచన చేసి రెండుసార్లు వడకడితేనే పనికివస్తుంది. నా మట్టుకు మంచి మామిడిపండును సోడాలో పోయడం కన్నా కోసి పళ్ళెంలో పెట్టడమే మర్యాద.

రంగు పండుకు వేసవిలో నల్ల ద్రాక్ష, జూన్ జూలైలలో అయితే నేరేడు వాడండి. కిలో ద్రాక్షకు అరకిలో చక్కెర, ఒక గ్లాసు నీళ్ళు పోసి సన్నని సెగ మీద తొక్కలు పగిలి రంగు దిగేవరకు ఉంచి, నలపకుండా వడకట్టాలి. గట్టిగా పిండితే గింజల వగరు దిగుతుంది. అనాస కావాలంటే అసలు ఉడికించనక్కరలేదు. సన్నగా తరిగిన కిలో ముక్కలకు 700 గ్రాముల చక్కెర కలిపి మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్జులో ఉంచితే ఉదయానికి చక్కెర పండులోని రసాన్ని బయటికి లాగి చక్కని పచ్చి సిరప్పు తయారవుతుంది. పుచ్చకాయను మాత్రం పొయ్యి మీద పెట్టవద్దు, ఉడికిన వాసన వచ్చి గుమ్మడికాయ గుర్తుకు వస్తుంది. దాని రసం పలుచన కాబట్టి సిరప్పుగా కూడా నిలవదు. వడకట్టి ఐసు ట్రేల్లో పోసి గడ్డకట్టించండి, ఆ ఎర్రని ముక్కలు నిమ్మ సోడాలో కరుగుతూ రంగూ రుచీ రెండూ ఇస్తాయి.

సుగంధానికి నన్నారి ఉండనే ఉంది. సుగంధిపాల వేళ్ళతో చేసే ఈ షర్బత్తు మన ప్రాంతంలో అందరికీ తెలిసిన రుచి, నిమ్మరసంతోనూ సోడాతోనూ ఎన్నడూ తగువు పెట్టుకోదు. గిరిజన సహకార సంస్థ దుకాణాల్లోనూ, ఇతర అంగళ్ళలోనూ సీసాల్లో దొరుకుతుంది. కొనేటప్పుడు రంగు, కృత్రిమ సువాసన మాత్రమే కలిపినది కాకుండా వేళ్ళ కషాయంతో చేసినదేనా అని చీటీ చదివి తీసుకోండి. అంగడి షర్బత్తులు సాధారణంగా బాగా చిక్కగా ఉంటాయి కాబట్టి ఒక గ్లాసు కలిపి చూసి, అవసరమైతే నీళ్ళతో పలుచన చేసి, మిగతా సిరప్పుల కొలతకు సరిపోయేలా చూసుకోవాలి. బల్ల మీద ప్రతి సిరప్పూ ఒకే కొలతతో సరిపోవాలన్నది ముఖ్యమైన నియమం. ఒకదానికి ఒక గరిటె, మరొకదానికి రెండు గరిటెలు అంటే ఎవరికీ గుర్తుండదు.

ఘాటైనదానికి రెండు దారులున్నాయి. అల్లం సిరప్పు చేయాలంటే కిలో చక్కెరకు లీటరు నీళ్ళు కాచి దింపి, 200 గ్రాముల అల్లం దంచి అందులో వేసి అరగంట మూతపెట్టి వడకట్టండి. ఇది లీటరున్నరకు పైగా వస్తుంది. వడకట్టాక గంటసేపు కదపకుండా ఉంచితే అడుగున తెల్లని పిండి తేరుకుంటుంది, పైతేట మాత్రమే వంచుకోవాలి. రెండవ దారి శ్రీరామనవమి పానకమే. అరకిలో బెల్లం అరలీటరు నీళ్ళలో కరిగించి, ఇసుక పోయేలా వడకట్టి, చెంచాడు మిరియాల పొడి, చెంచాడు శొంఠి పొడి, అయిదారు ఏలకుల పొడి వేసి కాసేపు మరిగించి మళ్ళీ వడకట్టితే పానకం సిరప్పు సిద్ధం. దానికి సోడా, నిమ్మరసం తోడైతే పెద్దవారు కూడా ఇష్టంగా మళ్ళీ అడుగుతారు.

ఉడికించిన సిరప్పులు శుభ్రమైన గాజు సీసాల్లో ఫ్రిజ్జులో వారం రోజులు నిలుస్తాయి కాబట్టి రెండు మూడు రోజుల ముందే చేసిపెట్టుకోవచ్చు. పాకం తీగ రానివ్వకండి, చక్కెర కరిగితే చాలు. ముదిరిన పాకం చల్లని సోడాలో కరగక అడుగున చేరుతుంది. చేసిన ప్రతి సిరప్పునూ విందుకు ముందురోజు సోడాతో ఒక గ్లాసు కలిపి, ఐసు వేసి రుచి చూడండి. వేడిగా చెంచాతో నాకినప్పుడు సరిగ్గా ఉన్న తీపి, చల్లని గ్లాసులో చప్పగా తోస్తుంది.

నాలుగవ పని: పులుపు

పొదలకూరు, గూడూరు నిమ్మ మార్కెట్ల నుంచి దూర రాష్ట్రాలకు లారీలు వెళతాయి. ఆ కాయ మన వాకిట్లో ఉండగా సీసాలో నిలవచేసిన నిమ్మరసం కొనడానికి మనకు కారణమేమీ లేదు. వేసవిలో ధర పెరుగుతుంది కాబట్టి వారం ముందే తీసుకొని, గాలి తగిలే బుట్టలో నీడన ఉంచుకోండి. లేత పసుపు తిరిగి, తొక్క పల్చగా నునుపుగా ఉండి, చేతిలో బరువుగా తోచే కాయలో రసం ఎక్కువ. సగటున ఒక కాయ 15 మిల్లీలీటర్లు ఇస్తుంది, అంటే గ్లాసుకు ఒక కాయ.

రసం విందు రోజు ఉదయమే పిండాలి. ఫ్రిజ్జులో ఉంచిన కాయలైతే కాసేపు బయట ఉంచి, అరచేతి కింద బల్ల మీద దొర్లించి, అడ్డంగా కోసి పిండితే రసం సులువుగా దిగుతుంది. తొక్కను నలిపి చివరి చుక్క దాకా పిండితే చేదు వస్తుంది, గింజ నలిగినా అంతే. రసాన్ని గాజు, పింగాణీ లేదా స్టీలు పాత్రలో ఉంచండి. అలంకారంగా ఉంటుందని ఇత్తడి, రాగి బిందెల్లో గాని, అల్యూమినియం గిన్నెల్లో గాని పోయకూడదు. పులుపు లోహాన్ని కరిగించి పానీయంలోకి చేరుస్తుంది. ఇంట్లో పాత ఇత్తడి గంగాళం ఉంటే దాన్ని తళతళలాడేలా తోమి సీసాలు చల్లబరిచే ఐసు కోసం వాడండి, అక్కడ దాని అందం దానికి దక్కుతుంది.

ఉప్పు సోడా ఇష్టపడేవారు మన వైపు చాలామంది. చేపల పులుసు, గోంగూర మాంసం ఉన్న భోజనమైతే తరువాత తీపి సోడాల కన్నా ఉప్పు సోడానే ఎక్కువగా కదులుతుంది. ఉప్పును నేరుగా సోడాలో వేస్తే ఆ రేణువుల వల్ల గ్యాసంతా ఒక్కసారిగా నురుగై పైకి వస్తుంది. అందువల్ల అరలీటరు నిమ్మరసంలో 20 గ్రాముల ఉప్పు ముందే పూర్తిగా కరిగించి వేరే సీసాలో పెట్టి, దానికి పెద్ద అక్షరాలతో పేరు రాయండి. చక్కెర వ్యాధి ఉన్నవారికి ఇది చక్కెర లేని మంచి దారి. రక్తపోటు ఉన్నవారికి ఉప్పు కలపని నిమ్మరసం పక్కనే ఉండాలి.

ప్రకాశం జిల్లాలో బత్తాయి తోటలు ఉన్న చుట్టాలు బుట్టలకొద్దీ కాయలు పంపుతారు. బత్తాయి సోడా బాగుంటుంది గాని, రసం తీసి ఉంచితే కొద్ది గంటల్లో లిమోనిన్ అనే పదార్థం వల్ల చేదెక్కుతుంది. కాబట్టి బత్తాయి పెట్టదలిస్తే చేతి యంత్రంతో అక్కడికక్కడే పిండే మనిషిని కూర్చోబెట్టాలి, లేకపోతే ఆ ఆలోచన మానుకోవాలి.

అయిదవ పని: ఐసు

మన తీరంలో ఐసుకు కొరత లేదు, ఎందుకంటే రొయ్యలకూ చేపలకూ ఐసు అందించే ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఆ దిమ్మలు చవకగా, వెంటనే దొరుకుతాయి. కాని అవి సరుకును చల్లగా ఉంచడానికి చేసినవే గాని తాగడానికి చేసినవి కావు. వాటిని మూతపెట్టిన సీసాల చుట్టూ వేయవచ్చు, గ్లాసులో మాత్రం ఒక్క ముక్క కూడా వేయకూడదు. ఈ రెండు ఐసులూ వేరువేరు పెట్టెల్లో, వేరువేరు చోట్ల ఉండాలి. సీసాల టబ్బులోంచి చేతికందిన ముక్క తీసి గ్లాసులో వేసుకోవడం విందుల్లో మామూలుగా కనిపించే పొరపాటు. దాన్ని ఆపడానికి సులువైన మార్గం, ఆ టబ్బును బల్ల వెనక, సాయం చేసే మనిషి పక్కన ఉంచడమే.

తాగే ఐసును తాగునీటితో చేసిన ట్యూబ్ ఐసు ప్యాకెట్లుగా కొనండి, లేదా వడపోసిన నీటితో మూడు నాలుగు రోజుల ముందు నుంచే ఇంట్లో గడ్డకట్టించి సంచుల్లో నిలవచేయండి. పెద్ద ముక్కలు నెమ్మదిగా కరుగుతాయి కాబట్టి పొడి ఐసు కన్నా అవే మేలు. వాటిని కొత్త థర్మోకోల్ పెట్టెలో, అడుగున కరిగిన నీళ్ళు దిగేలా చిల్లుల పళ్ళెం వేసి ఉంచి, పట్టకారు గాని, పిడి ఉన్న గరిటె గాని పెట్టండి. చేతులు పెట్టకుండా ఉండాలంటే పట్టకార్లు రెండు ఉండాలి, ఒకటి ఎప్పుడూ ఎక్కడో పోతుంది. పొగలు రావడం కోసం ఈవెంట్లవారు తెచ్చే డ్రై ఐసును మాత్రం ఈ బల్ల మీదికి రానివ్వకండి. అది మైనస్ 78 డిగ్రీల గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. గ్లాసులో పడి గొంతులోకి వెళితే కాల్చేస్తుంది, ఎవరికి వారు కలుపుకొనే చోట దానికి స్థానం లేదు.

ఆరవ పని: బల్ల వేయడం

షామియానా కింద, నేరుగా ఎండ పడని చోట, వంటశాల సెగకూ భోజనాల వరుసకూ దూరంగా ఆరడుగుల బల్ల వేయండి. గుమ్మానికి అడ్డంగా పెడితే వచ్చేవారూ పోయేవారూ అక్కడే ఇరుక్కుంటారు. అరవై మందికి మించితే బల్లకు రెండు వైపులా ఒకే వరుస పెట్టి రెండు దారులు చేయాలి.

వరుస ఎడమ నుంచి కుడికి గ్లాసులు, ఐసు, సిరప్పులు, పులుపు, సోడా, చివర పైన వేసుకొనేవి అన్న క్రమంలో ఉండాలి. ఈ క్రమం అలంకారం కోసం కాదు. సిరప్పు, నిమ్మరసం ముందు పడి సోడా చివర పడితే, సోడా పోసే ఊపుకే అన్నీ కలిసిపోతాయి, గట్టిగా తిప్పనక్కరలేదు, బుడగలు మిగులుతాయి. సోడా ముందు పోసి సిరప్పు తరువాత పోస్తే అది అడుగున కూర్చుంటుంది, దాన్ని కలపడానికి తిప్పిన ప్రతిసారీ గ్యాసు పోతుంది. బల్ల మొదట గ్లాసులు, చివర సోడా ఉంటే ఎవరూ చెప్పకుండానే అతిథి చేయి సరైన క్రమంలో నడుస్తుంది.

సిరప్పులను కొళాయి ఉన్న గాజు జాడీల్లో పెడితే అందంగా ఉంటుంది గాని, కొలత తెలియక గ్లాసు సగం సిరప్పే పట్టేస్తారు. సన్నని మూతి సీసాలు, ఒక్కోదాని పక్కన 30 మిల్లీలీటర్ల కొలత గిన్నె మేలు. కొలత గిన్నెలు దొరకకపోతే ఇంట్లోని చిన్న గరిటెల్లో నీళ్ళు పోసి కొలిచి, 30 మిల్లీలీటర్లు పట్టేవి ఏరండి. నిమ్మరసానికి అందులో సగం పట్టే చెంచా పెట్టండి. సీసాలను ఐసు నీళ్ళున్న వెడల్పు పళ్ళెంలో నిలబెడితే సిరప్పు కూడా చల్లగా ఉంటుంది, కారిన తీపి పళ్ళెంలోనే పడుతుంది.

గ్లాసులకు సప్లయర్స్ దగ్గర అద్దెకు దొరికే స్టీలు గ్లాసులు బాగానే ఉంటాయి, అయితే పండ్ల రంగు కనిపించాలంటే గాజువి కావాలి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, స్ట్రాలు, కలిపే పుల్లలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం, కాగితపువి వాడండి. సిరప్పులు కలపడానికి, సబ్జా వడ్డించడానికి ఉదయగిరి చెక్క గరిటెలు ఇంట్లో ఉంటే వాటిని బల్ల మీద పెట్టండి, మన జిల్లా పనితనం నలుగురి కంట పడుతుంది.

పైన వేసుకొనేవాటిలో పుదీనా ఆకులు, నిమ్మ చక్రాలు, నానిన సబ్జా, దానిమ్మ గింజలు, ముంజల ముక్కలు చాలు. సబ్జాను కనీసం పావుగంట, సమృద్ధిగా నీళ్ళు పోసి నానబెట్టాలి. పొడి గింజలు బల్ల మీద ఉంచకూడదు, చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడతాయి. ముంజలు దొరికే రోజుల్లో వాటిని వదలకండి. నన్నారి సోడాలో లేత ముంజ ముక్కలు వేస్తే ఆ గ్లాసు అతిథులకు చాలాకాలం గుర్తుంటుంది. కోసిన పండ్లను కొద్దికొద్దిగానే బయట పెట్టండి. 32 డిగ్రీలు దాటిన వేడిలో అవి ఒక గంటకు మించి ఉండకూడదు. తరువాత మిగిలినవి పారేసి ఫ్రిజ్జులోంచి కొత్తవి తేవాలి.

ఈగలకు జాలీ మూతలు, చీమలకు బల్ల కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెట్టడం పాత పద్ధతే అయినా దాన్ని మించింది లేదు. బల్ల కింద ఒక చెత్త బుట్ట, వాడిన గ్లాసులకు ఒక తొట్టి, చేతులు తుడుచుకోవడానికి రెండు తడి గుడ్డలు ఉంచండి. వీటిని మరిచిపోతే అరగంటలో బల్లంతా జిగటగా మారుతుంది.

ఏడవ పని: అందరికీ కనిపించే చీటీ

బల్ల వెనక గోడకు గాని, చిన్న పలక మీద గాని ఈ మాటలు పెద్ద అక్షరాలతో రాయండి: ముందు ఐసు, తరువాత ఒక గరిటె సిరప్పు, ఒక చెంచా నిమ్మరసం, గ్లాసు వంచి సోడా, ఒక్కసారి కింద నుంచి పైకి కలపండి. గ్లాసు వంచి అంచు వెంట సోడా జారవిడిస్తే నురుగు తక్కువగా లేచి గ్యాసు మిగులుతుంది. దాని కింద నాలుగు జోడీలు సూచిస్తే ఆలోచించలేనివారికి తేలికవుతుంది. పచ్చి మామిడికి జీలకర్ర పొడి, ద్రాక్షకు పుదీనా, నన్నారికి సబ్జా, పానకానికి ఉప్పు లేని నిమ్మరసం బాగా కుదురుతాయి. అల్లం, అనాస సిరప్పులు సగం సగం పోసుకుంటే మరో మంచి రుచి. ప్రతి సీసా మీదా పేరుతో పాటు చక్కెరా, బెల్లమా, ఉప్పు ఉందా అన్నది రాయాలి. ఇది అలంకారం కాదు, చక్కెర వ్యాధి ఉన్న పెద్దవారు అందరి ముందూ అడగడానికి మొహమాటపడతారు.

విందు నడుస్తుండగా

ఎవరికి వారే కలుపుకొనే బల్ల అయినా దానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి పని వడ్డించడం కాదు. ఒకేసారి మూడు కన్నా ఎక్కువ సోడా సీసాలు తెరిచి ఉండకుండా చూడటం, ఖాళీ కాగానే ఐసు నీళ్ళలోంచి కొత్త సీసా తుడిచి పెట్టడం, తెరిచిన సీసాకు వెంటనే మూత బిగించడం, తాగే ఐసు నింపడం, బల్ల తుడవడం అతని పనులు. మొదటి పావుగంటలో వచ్చినవారికి అతనే ఒక గ్లాసు కలిపి చూపిస్తే, ఆ తరువాత ఒకరిని చూసి ఒకరు నేర్చుకుంటారు. చిన్నపిల్లలకు సగం గ్లాసులు, సగం గరిటె సిరప్పు ఇవ్వాలి. సోడా వద్దనేవారికి, మందులు వేసుకొనేవారికి పక్కనే చల్లని మంచినీళ్ళ కుండ ఒకటి తప్పక ఉండాలి.

నిమ్మరసం సగం సీసాలోనే బయట పెట్టి, మిగతాది ఫ్రిజ్జులో ఉంచి నింపుతూ ఉండండి. భోజనాలు మొదలైన అరగంట తరువాత ఒక్కసారిగా రద్దీ పెరుగుతుంది, ఆ సమయానికి పది సీసాలు సిద్ధంగా చల్లబడి ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి.

ముగిశాక

తెరవని సోడా సీసాలను తుడిచి నీడన పెట్టండి, ఐసు నీళ్ళలో తడిసిన చీటీలు ఊడిపోయినా లోపలి సోడాకేమీ కాదు. గోలీ సోడా ట్రేలు లెక్క సరిచూసి అదే సాయంత్రం తిరిగి పంపండి. ఉడికించిన సిరప్పులు బల్ల మీద ఎంతసేపు ఉన్నా, గరిటెలు ముంచిన సీసాల్లోనివి రెండు రోజుల్లో వాడేయాలి. ఫ్రిజ్జులోనే ఉండిపోయిన సీసాలు వారం వరకు ఆగుతాయి. పచ్చి అనాస సిరప్పు, కోసిన పండ్లు, మిగిలిన నిమ్మరసం ఆ రోజుతో సరి. పిండిన నిమ్మ తొక్కలు పారేయకుండా ఉప్పు రాసి ఇత్తడి గంగాళం తోమితే మెరుగు తిరిగి వస్తుంది. ఆ తరువాత మంచినీళ్ళతో కడిగి పొడి గుడ్డతో తుడిచి దాచుకోండి.